పదమూడు ముక్కల కేసు

1963 మే 4. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు. బల్ల మీద కౌంటర్లు, కొంత డబ్బు. కిట్టీ, అంటే పందెం సొమ్ము, ఒకాయన దగ్గరుంది. ఎదుటివాడు ఎత్తుకున్న ముక్కేది? పారేసిందేది? తనకు కావలసిన ఏడు ఇంకా పేకలోనే ఉందా, ఎవరి గుప్పిట్లోనైనా ఇరుక్కుందా? రమ్మీ ఆడేవాడి తలలో తిరిగే లెక్కలివే. అంతలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చారు. ముక్కలు బల్ల మీద, ఐదుగురు కేసులో.

వాళ్ల మీద పెట్టిన జూద చట్టం నిజాం కాలం నాటిది, 1305 ఫసలీ సంవత్సరానిది. సోదాలో ఆట సామగ్రి దొరికితే ఆ చోటు జూదగృహమనే లెక్క; కాదని తేల్చుకోవలసింది పట్టుబడ్డవాళ్లే. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. సెషన్స్ జడ్జికి అది సబబనిపించక హైకోర్టుకు రాశారు. హైకోర్టు శిక్ష కొట్టేసింది. ప్రభుత్వం మాత్రం వదల్లేదు. రమ్మీ ఢిల్లీకెక్కింది.

అంతకు కొన్నేళ్ల ముందు అమెరికా టీవీలో 'మావెరిక్' అనే కౌబాయ్ సీరియల్ వచ్చేది. ఊరూరా తిరిగే పేకాటగాడి కథ. 1958 నవంబరులో వచ్చిన ఎపిసోడ్‌లో ఓ బ్యాంకరు అతని 15,000 డాలర్లు మింగేస్తాడు. మనవాడు తుపాకీ తియ్యడు. హోటలు ముందు కుర్చీ వేసుకుని తాపీగా పుల్ల చెక్కుతూ కూర్చుంటాడు. ఊరు నవ్వుతుంది. చాటున మిత్రులు బ్యాంకరుకు ఉచ్చు బిగిస్తుంటారు. ఆ పేకాటగాడి బలం తుపాకీలో లేదు, తలలో ఉంది. మరి పేకాటంటే చేతికొచ్చిన ముక్కా, తలలో నడిచే లెక్కా? సుప్రీంకోర్టు ముందు నిలిచిన ప్రశ్నా ఇదే.

1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా జవాబు చెప్పారు. రమ్మీ మూడుముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు. పడ్డ ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి. పంపకంలో అదృష్టం బ్రిడ్జిలో మాత్రం లేదా? క్లబ్బు తీసుకున్న రుసుములోనూ కోర్టుకు తప్పు కనబడలేదు. అప్పీలు కొట్టేశారు.

నిందితుల్లో ఒకరి పేరుతో వకీళ్లు దీన్ని సత్యనారాయణ కేసంటారు. అందులోనే మరో మాటుంది: ఆట పెట్టించినవాడు దాని మీద లాభం తీస్తున్నాడని రుజువైతే నేరం కావచ్చు. ఫోన్లో రమ్మీ నడిపిన కంపెనీలు చాటింపు వేసుకున్నది మాత్రం మొదటి సగాన్నే. నాకది నచ్చలేదు. క్లబ్బులో ఎదుటివాడి కళ్లు కనబడతాయి. ఫోన్లో కనబడేది మన డబ్బు తగ్గడం ఒక్కటే.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లో మిధాని కర్మాగారం దగ్గర చాయ్ తాగుతుంటే ఓ కుర్రాడు ఫోన్ చూపించి అడిగాడు: "అంకుల్, రమ్మీ జూదం కాదని కోర్టే చెప్పిందంట గదా?"

చెప్పింది నిజమే. కానీ 2017లో తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పట్టించుకోలేదు.