నాడి లెక్క: నీటి గడియారము నుండి చేతి గడియారము వరకు

వేకువజామున మన పట్టణములలోని ఉద్యానవనములలోను, చెరువు కట్టలమీదను పరుగెత్తువారిని గమనించినచో, వారిలో పలువురు నడుమ నడుమ చేతిని పైకెత్తి గడియారమును చూచుకొనుట కానవచ్చును. వారు చూచునది వేళను కాదు. తమ గుండె నిమిషమునకు ఎన్ని సారులు కొట్టుకొనుచున్నదో తెలుపు అంకెను. ఇట్టి గడియారములలో మేలురకమువి వేల రూపాయలు దాటి లక్ష వరకు వెల పలుకుచున్నవి. అంత వెల పోసి కొన్న వస్తువు చూపు అంకె నిజమేనా అని అడుగుట సహజము. అయితే ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. నాడిని లెక్కించుటకు మానవుడు ఒక సాధనమును చేతబట్టిన నాటి నుండియు ఇది ఆ సాధనమును వెన్నంటియే వచ్చుచున్నది. ఆ కథను మనము ఒకసారి తిరుగవేసి చూతము.

క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దపు ఆరంభమున అలెగ్జాండ్రియా నగరములో హెరోఫిలస్ అను వైద్యుడు ఉండెను. ఆయన చిన్న నీటి గడియారమును వెంటబెట్టుకొని రోగుల కడకు పోయి, నీరు కారిపోవు లోపల నాడి ఎన్ని సారులు కొట్టుకొన్నదో లెక్కించెడివాడని తరువాతి కాలపు గ్రంథకర్త మార్సెల్లినస్ వ్రాసెను. బాలునకు, యువకునకు, వృద్ధునకు నాడి వేగము ఒక్కటి కాదు కనుక, వయస్సును బట్టి నీటి కొలతను మార్చు ఏర్పాటు కూడ ఆయన చేసికొనెనట. సహజమైన లెక్కకంటె ఎంత హెచ్చు వచ్చిన, జ్వరము అంత తీవ్రమని ఆయన నిర్ణయము.

ఆశ్చర్యకరమైన విషయమేమన, ఈ లెక్కించు పద్ధతి ఆయనతోనే దాదాపుగా అంతరించెను. రెండవ శతాబ్దములో గేలెన్ నాడిని గూర్చి అనేక గ్రంథములు వ్రాసెను గాని, ఆయన వెదకినది సంఖ్యను కాదు, స్వభావమును. చైనాలో మూడవ శతాబ్దమున వాంగ్ షూహే కూర్చిన నాడీగ్రంథమును ఇట్టిదే. మన దేశములో చరక సుశ్రుతులు నాడీపరీక్షను ప్రత్యేక శాస్త్రముగా విస్తరింపలేదు. శార్ఙ్గధర సంహితలో అది స్పష్టముగా కనిపించును. అందు వాతనాడిని జలగ, పాము నడకలతోను, పిత్తనాడిని కాకి, కప్ప నడకలతోను, కఫనాడిని హంస, పావురముల నడకలతోను పోల్చిరి. మన ఆంధ్రదేశపు వైద్యులు తరతరములుగా ఆదరించిన బసవరాజీయమునందును నాడీపరీక్షకు ప్రముఖ స్థానము కలదు. చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలు మణికట్టుపై ఆనించి, కనులు మూసికొని నాడి చూచిన వైద్యునకు గడియారముతో పని లేకుండెను. ఆయనకు కావలసినది గతి, గణితము కాదు.

ఐరోపాలో గణితము మరల ప్రవేశించిన తీరు విచిత్రమైనది. పీసా నగరపు దేవాలయములో ఊగుచున్న దీపమును చూచి, దాని ఊపులను గెలీలియో తన నాడితో పోల్చి చూచెనని ఆయన శిష్యుడు వివియాని చెప్పెను. కథ ఎంతవరకు నిజమైనను, అందలి అంతరార్థము చక్కనిది. అప్పటికి నాడియే గడియారము. తరువాత పాడువా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సాంటోరియో దీనిని తలక్రిందులు చేసెను. పదునేడవ శతాబ్దపు తొలి యేండ్లలో ఆయన ఒక దారమునకు గుండును కట్టి ఊపి, ఆ ఊపు రోగి నాడితో కలియు వరకు దారపు పొడవును హెచ్చించుచు తగ్గించుచు వచ్చెను. కలిసినప్పటి పొడవే నాడి కొలత. నిమిషమునకు ఇన్ని అని దానితో చెప్పుటకు వీలులేదు. కాని నిన్నటికంటె నేడు నాడి వేగము పెరిగినదో తరిగినదో చెప్పవచ్చును. ఒక మనిషిని ఇంకొకనితో గాక, అతనినే అతనితో పోల్చుట ఈ సాధనపు లక్షణము. ఈ మాటను మనము చివర మరల తలచుకొనవలసి యున్నది.

నాడిని నిమిషముతో కొలుచుట వాడుకలోనికి తెచ్చిన ఘనత ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ వైద్యుడు సర్ జాన్ ఫ్లాయర్‌ది. నాటి జేబు గడియారములలో సెకండ్ల ముల్లు సామాన్యముగా ఉండెడిది కాదు. ఫ్లాయర్ మొదట లోలకపు గడియారములతోను, నావికులు వాడు ఇసుక గడియారముతోను లెక్కించెను. పిదప నిమిషము పాటు నడచి ఆగు గడియారమును సామ్యూల్ వాట్సన్ అను గడియారపు పనివానిచేత చేయించుకొని, 1707లో ‘వైద్యుని నాడీ గడియారము’ అను గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథములో మనము ముఖ్యముగా గమనింపదగిన మాట యొకటి కలదు. తన నాడీ గడియారము ఇసుక గడియారముకంటె త్వరగా నడచుచున్నదనియు, అందుచేత దానితో వచ్చిన లెక్కకు ఐదారు చేర్చుకొనుచున్నాననియు ఆయన దాచకుండ వ్రాసెను. నాడిని కొలుచుటకే చేసిన మొదటి గడియారము తప్పు చూపెను. దానిని చేయించినవాడే ఆ తప్పెంతో లోకమునకు తెలిపెను.

తరువాతి రెండు శతాబ్దములలో నాడిని వ్రేలితో కాక యంత్రముతో పట్టుటకు ప్రయత్నములు సాగెను. 1860లో ఫ్రాన్సు దేశీయుడు మారే, మణికట్టు నాడి కదలికను కాగితముపై గీతగా గీయు సాధనమును నిర్మించెను. అటుపిమ్మట ఇరువదవ శతాబ్దారంభమున హాలండులోని లైడెన్ నగరమున ఐంథోవెన్ గుండెలో పుట్టు విద్యుత్తునే పట్టుకొనెను. ఆయన యంత్రము బరువు సుమారు 270 కిలోగ్రాములు. రోగి చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచుకొని కూర్చుండవలసి యుండెను. 1905లో ఆయన ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న ఆస్పత్రిలోని రోగి గుండె గీతను టెలిఫోను తీగల మీదుగా తన ప్రయోగశాలకు రప్పించుకొనెను. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేటికిని గుండె లెక్కలో ఒరగల్లు ఆ విద్యుల్లేఖయే.

రేడియోతో సంబంధము గల మేము నార్మన్ హోల్టర్ పేరును విడిచి ముందునకు పోజాలము. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున ఆయన 1940ల చివర గుండె విద్యుత్తును రేడియో తరంగముల ద్వారా పంపు సాధనమును చేసెను. దాని బరువు 38 కిలోగ్రాములు, వీపున మోయవలసినదే. అయినను, మనిషి మంచము విడిచి కదలుచుండగా గుండెను వినవచ్చునని అది ఋజువు చేసెను. ఆ బరువు క్రమముగా కరిగిపోయెను. ఫిన్లండులోని ఔలు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సెప్పో సాయ్నాయాకంగాస్ 1977లో పోలార్ సంస్థను స్థాపించెను. 1982లో ఆ సంస్థ ఛాతీకి కట్టు పట్టీని, మణికట్టున అంకె చూపు గడియారమును, నడుమ తీగ లేకుండ కలిపి విక్రయించెను. ఇందు గుండె విద్యుత్తును పట్టునది ఛాతీ పట్టీ. గడియారము కేవలము చూపునది.

మరి నేటి గడియారములు పట్టీ లేకుండ అంకెను ఎట్లు చెప్పుచున్నవి? వీని మూలము వేరు. 1930ల చివర అమెరికాలోని సెయింట్ లూయీలో హెర్ట్‌జ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు చర్మముపై వెలుగు ప్రసరింపజేసి, తిరిగి వచ్చు వెలుగులోని మార్పును బట్టి రక్తప్రవాహమును అంచనా వేసెను. గుండె కొట్టుకొనిన ప్రతి సారియు చర్మము క్రింది సన్నని నాళములలో రక్తము కొంచెము ఉబ్బును. అప్పుడు వెలుగు ఎక్కువగా పీల్చబడును, తిరిగి వచ్చునది తగ్గును. గడియారపు అడుగున మినుకుమినుకుమను ఆకుపచ్చ దీపములు చేయు పని ఇదియే. రక్తములోని ఎర్రని పదార్థము ఆకుపచ్చ వెలుగును బాగుగా పీల్చుకొనును కనుక ఆ రంగును ఎన్నుకొనిరి. 2015 ప్రాంతమున ఇట్టి గడియారములు ప్రపంచమంతట వ్యాపించెను.

ఇచ్చట చిక్కు తెలియుచున్నది. గడియారము చూచునది గుండెను కాదు. గుండెకు దూరమున, చేతి చివరనున్న చర్మములోని రక్తపు ఆటుపోట్లను. చేయి ఊగినప్పుడు ఆ రక్తము కూడ ఊగును. గడియారము వదులుగా ఉన్నచో బయటి వెలుగు లోపలికి చొరబడును. చలికి నాళములు ముడుచుకొన్నచో ఆటుపోటే సన్నగిల్లును. పరుగెత్తువాని అడుగులు నిమిషమునకు 160 పడుచు, గుండె 140 సారులు కొట్టుకొనుచున్నప్పుడు, యంత్రము అడుగునే నాడియని భ్రమించి 160 చూపుట కలదు. దీనిని సరిదిద్దుటకు గడియారములో కదలికను కనిపెట్టు మరియొక సాధనము, దాని వెనుక గణితము ఉన్నవి. వెల పెరిగిన కొలది ఈ గణితము మెరుగుపడవచ్చును. కాని చేయి ఛాతీగా మారదు.

పరిశోధకులు దీనిని అంకెలతో చూపిరి. 2017లో ప్రకటితమైన క్లీవ్‌లండ్ క్లినిక్ పరిశీలనలో 50 మంది ఆరోగ్యవంతులను నడక యంత్రముపై నడిపించి, పరుగెత్తించి, విద్యుల్లేఖతో పోల్చిరి. సంపూర్ణ ఏకత్వమును 1 అనుకొన్నచో, ఛాతీ పట్టీకి 0.99 వచ్చెను. మణికట్టు సాధనములలో మేలైన రెంటికి 0.91, తక్కిన రెంటికి 0.84, 0.83 వచ్చెను. అదే యేట స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందిపై ఏడు సాధనములను పరీక్షించిరి. ఆరింటిలో గుండె లెక్క తప్పు నూటికి 5 లోపుననే ఉండెను. ఇది మెచ్చదగినదే. కాని ఖర్చైన శక్తిని, అనగా కేలరీలను, చెప్పుటలో అన్నిటికంటె మేలైనది సైతము నూటికి 27 తప్పెను. కనిష్ఠమైనది 93 తప్పెను. ఒకే అద్దముపై ప్రక్కప్రక్కనే వెలుగు రెండంకెలకు విశ్వసనీయత ఒక్కటి కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశీయులకు సంబంధించిన ప్రశ్న వేరొకటి కలదు. చర్మమునకు నలుపునిచ్చు వర్ణద్రవ్యము కూడ ఆకుపచ్చ వెలుగును పీల్చుకొనును. అట్లయినచో చామనచాయవారికి, నల్లనివారికి ఈ లెక్క చెడునా? స్టాన్‌ఫర్డ్ పరిశీలనలో నల్లని చర్మము వారియందు తప్పు కొంత హెచ్చుగా కనిపించెను. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయపు వారు అన్ని ఛాయల చర్మములు గల 53 మందిని పరీక్షించి, ఛాయవలన చెప్పుకోదగిన భేదము లేదనియు, కదలునప్పటి తప్పు మాత్రము కూర్చున్నప్పటికంటె సగటున నూటికి 30 హెచ్చనియు తేల్చిరి. ప్రశ్న ఇంకను ముగియలేదు. వెలుగుతోనే పని చేయుచు వ్రేలికి తగిలించు ప్రాణవాయు మాపకము నల్లజాతి రోగులలో ప్రమాదకరమైన కొరతను తెల్లవారిలో కంటె దాదాపు మూడు రెట్లు తరచుగా కనిపెట్టలేకపోయెనని 2020లోనే అమెరికాలో వెల్లడియైనది. కనుక ఏ యంత్రమును ఎవరి చేతిపై పరీక్షించి చేసిరని అడుగుట చాదస్తము కాదు. ప్రాణముతో ముడిపడిన ప్రశ్న.

లెక్క సరిగా వచ్చినను దానిని పోల్చు కొలబద్ద సరియైనదేనా అని కూడ చూడవలెను. 220 నుండి వయస్సును తీసివేసినచో గుండె పరమవేగము వచ్చునను సూత్రము 1971 నాటి ఒక వైద్యవ్యాసము నుండి వ్యాప్తికి వచ్చెను. అది సగటు మాత్రమే. ఒకే వయస్సు గల ఇద్దరి నడుమ 20 స్పందనముల భేదము ఉండుట వింత కాదు. రక్తపోటునకు వాడు కొన్ని మందులు గుండె వేగమును అణచి యుంచును. అట్టివారు గడియారము గీచిన పచ్చ గీత, ఎర్ర గీతలను నమ్మి తమ శరీరము చెప్పు ఆయాసమును, ఛాతీ నొప్పిని పెడచెవిని పెట్టుట అపాయకరము. 2018 నుండి కొన్ని గడియారములు విద్యుల్లేఖను కూడ తీయుచున్నవి. కాని దానికి రెండవ చేతి వ్రేలిని తాకించి అర నిమిషము కదలక కూర్చుండవలెను. అది పరుగులో పనికివచ్చునది కాదు.

అట్లని ఈ గడియారములు నిరుపయోగములని మేము చెప్పుట లేదు. సాంటోరియో దారమువలె, ఇవి మనిషిని అతనితోనే పోల్చుటకు చక్కగా ఉపకరించును. నిద్రలేచినప్పటి విశ్రాంత నాడి నెల క్రిందటికంటె తగ్గినదా, పెరిగినదా అని తెలిసికొనుటకు ఇవి చాలును. మణికట్టు ఎముకకు ఒక వ్రేలి వెడల్పు పైన, కదలకుండ కట్టుకొన్నచో లెక్క మెరుగగును. వేగము మాటిమాటికి మారు పరుగులో ఖచ్చితము కావలసినవారు వీనిలో పలువాని వెలలో కొద్ది భాగమునకే లభించు ఛాతీ పట్టీని కట్టుకొనవచ్చును. అనుమానము కలిగినప్పుడు ఆగి, కుడిచేతి మూడు వ్రేళ్లను ఎడమ మణికట్టున ఆనించి, అర నిమిషము లెక్కించి రెట్టించిన, యంత్రమును పరీక్షించుటకు వేరొక యంత్రముతో పని లేదు.

ఫ్లాయర్ తన గడియారము ఎంత తప్పుచున్నదో పుస్తకములో అచ్చువేయించెను. నేటి గడియారము 147 అని వెలిగించునే కాని, అది 147కు ఇటు ఎంత, అటు ఎంత అని ఆ అద్దముపై చూపదు. మూడు శతాబ్దములలో యంత్రము ఎంతో సూక్ష్మమైనది. ఆ సూక్ష్మతతోపాటు, లెక్క చెప్పినవాడు లెక్కలోని లోపమును కూడ చెప్పు ఆ వైద్యుని మర్యాదను కొనువారు కోరుట న్యాయము, అమ్మువారు ఆచరించుట ధర్మము.