పాత వెండి రూపాయి: అసలు, నకలు

నల్లమాడ మెట్టసీమలో వానలు నిలుకడగా కురియవు. పంట చేతికి వచ్చిన యేట మిగిలిన సొమ్మును పెద్దలు వెండిగా మార్చి దాచుకొనెడివారు. కడియము, మొలత్రాడు, రూపాయల దండ అలంకారములు మాత్రమే గావు, కరువునాటికి ఆధారములు. 1876-78 నాటి ధాత కరువులో అట్టి వెండి యెంతయో అమ్ముడుపోయి మూసలలో కరగిపోయెను. అందుచే నేటికి నిలిచిన పాతనాణెములు కొద్ది. వానిలోను కొన్ని అసలైనవి, కొన్ని తరువాతివారు చేసిన నకళ్లు. ఈ రెంటి భేదము నెరుగుట అవసరము.

షేర్ షా తన పాలనలో, అనగా 1540-45 నడుమ, ఇంచుమించు తులము తూగు వెండి నాణెమును నెలకొల్పెను. అదియే రూపాయి. అక్బరు దానిని కొనసాగించి, 1577 ప్రాంతమునుండి చదరపు రూపాయలను గూడ వేయించెను. వానిపై ఒక ప్రక్క నడుమ కలిమాయు, చుట్టును ప్రవక్త సహచరులు నలుగురి పేర్లును ఉండెడివి. 1618లో జహంగీరు అహమ్మదాబాదు టంకసాలలో మేషము, వృషభము మొదలగు రాశుల బొమ్మలతో రూపాయలు వేయించెను. మనకు దగ్గరనున్న ఆదోనికి మొగలులు ఇమ్తియాజ్‌గఢ్ అని పేరిడి, ఔరంగజేబు కాలమునుండి అచట నాణెములు వేయించిరి.

1800లో నిజాము మన దత్తమండలములను ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించెను. అయినను కుంపిణీవారు చాలకాలము మొగలు చక్రవర్తి పేరుతోనే రూపాయలను వేయుచుండిరి. ఆర్కాటు పేరుగల రూపాయలు మద్రాసులోను, ఫ్రెంచివారి పుదుచ్చేరిలోను అచ్చొత్తబడెను. జనులు నమ్మిన ముద్రను మార్చుటకు వర్తకులు వెనుదీసిరి. 1835లో గాని ఇంగ్లండు రాజు ముఖముగల ఏకరూప రూపాయి రాలేదు. ఇవి చెలామణికై చేసిన అనుకరణలు, మోసము గావు.

రెండవ తెగ నకళ్లు భక్తికొఱకైనవి. అక్బరు చదరపు రూపాయిని బోలిన బిళ్లలను తరువాతి కాలమువారు చేసి, తాయెత్తులుగా ధరించిరి. వానిని చేసినవారికి సంత వ్యవహారముతో పని లేదు. మూడవ తెగ సేకరణదారులకై చేయబడినవి. జహంగీరు రాశినాణెములు అరుదై, ధర పెరిగిన కొలది, వాని నకళ్లును పెరిగినవి.

వీనిని గుర్తించుట యెట్లు? గీటురాయి వెండి నాణ్యమును తెలుపును గాని, నాణెము వయస్సును తెలుపదు. మంచి వెండితో చేసిన నకలును గలదు. మొగలు నాణెములను సుత్తెతో కొట్టి అచ్చొత్తిరి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. కావున అక్షరములు కొన్ని అంచున తెగిపోవుట సహజము. అక్షరములన్నియు చిన్న బిళ్లలో ముద్దుగా ఇమిడియున్నచో సందేహింపవలెను. పోతపోసినదైనచో పైన సూదిగుంటలును, అంచున అతుకుగీతయును కనబడవచ్చును. తూకము తులమునకు మిక్కిలి తగ్గినను, పారసీక లిపి అర్థము లేక గజిబిజియైనను నకలని తలంపవచ్చును. అయినను ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు; పండితుని కన్ను తుది పరీక్ష.

నకలు చేయుట యొకటి, దానిని అసలని చెప్పి అమ్ముట యొకటి. మొదటిది భక్తియో వేడుకయో కావచ్చును. రెండవది కొనువానిని దోచుటయే గాక, చరిత్రకు అబద్ధపు సాక్ష్యమగును. నకలు ఆదోనిలో దొరికినదని ఒక్కడు చెప్పిన, అది ఆదోని చరిత్రలో చేరిపోవును.

ఇంతకంటె పెద్ద నష్టము అసలు నాణెమును కరగించుట. భూమిలో పాతినిధి దొరికినయెడల, 1878 నాటి నిధిచట్టము ప్రకారము జిల్లా కలెక్టరునకు తెలియజేయవలెను. దాచిపెట్టిన లోహము కంటె, అది యే పొలములో, యే కుండలో, ఎన్నింటితో గూడి దొరికెనను విషయమే విలువైనది. ఇంటిలో పూర్వుల దండ యున్నవారు గూడ దానిని ఎవరు, ఎప్పుడు, ఎచట సంపాదించిరో పెద్దలనడిగి వ్రాసియుంచుట మేలు. ఆ పెద్దలు గతించిన పిమ్మట ఆ మాట చెప్పువారుండరు.