వాన పాట: ఆటలోనూ ఉంది, ఎట్టయపురంలోనూ ఉంది



వీడియో గేమ్ అంటే తుపాకీ కాల్చడం, కారు పరుగెత్తించడం అనే మన వయసువాళ్ళం అనుకుంటాం. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1998లో విడుదల చేసిన 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్' అనే ఆటలో మాత్రం చాలా చిక్కుముడులు పాటతో విడతాయి. ఒకరినా అంటే చేతిలో ఇమిడే ఊదుడు వాద్యం. ఆడేవారికి ఐదు మీటలు, ఐదు స్వరాలు. సంగీతం కోజి కొండో.

అందులో వాన కురిపించే తుఫాను పాట ఒకటి. లింక్ అనే కథానాయకుడు దాన్ని గాలిమరలో ఉండే మనిషి దగ్గర నేర్చుకుంటాడు. ఏడేళ్ళ క్రితం ఒక పిల్లవాడు వచ్చి ఈ పాట వాయించి మరను పాడుచేశాడని ఆ మనిషికి కోపం. లింక్ ఏడేళ్ళు వెనక్కి వెళ్ళి, పిల్లవాడిగా అదే పాట అక్కడ వాయిస్తాడు. మర జోరుగా తిరుగుతుంది, ఊరి బావిలో నీళ్ళు ఇంకిపోతాయి, బావిలోకి దారి దొరుకుతుంది. అతనికి నేర్పింది ఇతను, ఇతనికి వినిపించింది అతను. మరి పాట కట్టిందెవరు? ఆటలో జవాబు లేదు. ఇద్దరిలో ఒకరు మరిచిపోతే పాటే లేదు.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మాకు సింగిల్ లైన్ టోకెన్ గుర్తుకొస్తుంది. ఒక చేయి ఇవ్వాలి, ఇంకో చేయి అందుకోవాలి. లేకపోతే బండి కదలదు.

వాన పాట మన తమిళనాడులోనూ ఉంది. ఎట్టయపురాన్ని ఏలినవారు తెలుగు ఇంటిభాషగా గల రాజకంబళ నాయకర్లు. ముత్తుస్వామి దీక్షితులు ఆ ఊరికి వస్తూ, ఎండిన నేల చూసి, అమృతవర్షిణి రాగంలో 'ఆనందామృతకర్షిణి' పాడితే వాన కురిసిందని చెప్పుకుంటారు. ఆ రాగానికీ ఐదే స్వరాలు. దీక్షితులు 1835లో ఎట్టయపురంలోనే కన్నుమూశారు. సమాధి అక్కడే ఉంది.

వాన సంగతి కథే అనుకుందాం. దీక్షితుల పాటలు మిగిలిన తీరు మాత్రం చరిత్ర. ఆయన తమ్ముడు బాలుస్వామి అక్కడ ఆస్థాన విద్వాంసుడు. బాలుస్వామి కూతురి కొడుకు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని ఆ ఊళ్ళోనే అచ్చు వేయించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 200కు పైగా స్వరాలతో సహా అందులో ఉన్నాయి. తమిళ ఊళ్ళో అచ్చయిన ఆ పుస్తకం తెలుగు లిపిలో ఉంది!

తమిళ మీడియంలో చదివిన మనలో చాలామందికి ఇంటి తెలుగు వచ్చు, అక్షరం రాదు. మాబోటివాళ్ళం పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. మన అవ్వల జోలపాటలు, పెళ్ళిపాటలు, నాట్ల పాటలు ఎన్నో ఏ పుస్తకానికీ ఎక్కలేదు. పాడేవారు ఇంటికొకరు మిగిలారు, అంతే.

కాబట్టి ఈ నెలలో ఒక్కో ఇంటినుంచి ఒక్కో పాట పంపండి. పెద్దవాళ్ళ చేత పాడించి ఫోనులో రికార్డు చేయండి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. మాటల్ని తమిళ అక్షరాల్లో రాసినా సరే. తెలుగు లిపిలోకి మార్చే పని మేము చూసుకుంటాం.