వెన్నులో సూది అంటే మన కాలనీలో అంత భయం ఎందుకు?

ఈ ఎపిసోడ్‌ని మా ఇంట్లో జరిగిన ముచ్చటతో మొదలుపెడతా.

మాది మందమర్రి. బాపు బాయిల ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయిండు. నడుం నొప్పి మా దగ్గర కొత్త కాదు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరం అంతా నడుం పట్టుకునే నడుస్తది. పోయినేడు బాపును ఎమ్మారైకి తీస్కపోయినం. లోపలికి పంపే ముందు టెక్నీషియన్ అడిగిండు: "కంట్లో ఎప్పుడన్నా ఇనుప ముక్క పడ్డదా?" బాపు లేదన్నడు. పక్కనున్న అమ్మ అందుకుంది: "గ్రైండింగ్ చేస్తుంటే పడలే? దవాఖానల తీయించుకోలే?" అంతే, స్కాన్ ఆగింది. కంటికి ఎక్స్‌రే తీసి, ఏం లేదని తేలినంకనే పంపిన్రు.

నేను సాఫ్ట్‌వేర్ చేసినోణ్ని. చెక్‌లిస్టులో వింత ప్రశ్న కనబడితే దాని వెనక ఎప్పుడో ఒక దెబ్బ తగిలి ఉంటదని తెలుసు. వెతికితే దొరికింది. 1986లో వైద్య పత్రికలో వచ్చిన కేసు: రేకుల పని చేసిన మనిషి కంట్లో ఇనుప ముక్క ఉండిపోయింది. ఎమ్మారై అయస్కాంతానికి అది కదిలి, ఆ కన్ను చూపు పోయింది. వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్న మన ఊళ్లకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో చూడండి.

ఇక "వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతయ్" అనే మాట. ఇది ఒట్టి పుకారు కాదు, దీనికో చరిత్ర ఉంది. ఎక్స్‌రేలో ఎముక కనబడుతది గానీ నరాలు కనబడవు. 1921 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో సికార్, ఫోరెస్టియే అనే డాక్టర్లు లిపియోడాల్‌ను వెన్నులోకి ఎక్కించి చూసిన్రు. అది అయోడిన్ కలిపిన గసగసాల నూనె! ఈ పరీక్షే మైలోగ్రామ్. 1944లో అమెరికాలో పాంటోపేక్ అనే ఇంకో నూనె మందు వచ్చింది. పరీక్ష అయినంక దాన్ని మళ్లీ సూదితోనే బయటికి లాగాలె. మిగిలిపోయిన నూనె కొందరికి నరాల చుట్టూ ఉన్న పొరను వాచేలా చేసింది. ఏండ్ల తరబడి నొప్పి, కాళ్ల బలహీనత. భయం అక్కడి నుంచి వచ్చిందే.

తర్వాత స్వీడన్ డాక్టర్ టోర్‌స్టెన్ ఆల్మెన్ ఆలోచనతో నీళ్లలో కరిగే, నరాలను తక్కువ ఇబ్బంది పెట్టే మందులు వచ్చినయ్. 1970లలో మెట్రిజమైడ్, 1980లలో ఐయోహెక్సాల్. ఇవి ఒంట్లో కలిసి మూత్రంలో పోతయ్. కానీ మెట్రిజమైడ్‌తో కొందరికి ఫిట్స్ వచ్చినయ్. అందుకే ఫిట్స్ వచ్చే గుణాన్ని పెంచే మందుల గురించి, అంటే కొన్ని మానసిక వ్యాధుల మందులు, వాంతుల మందుల గురించి హెచ్చరికలు రాసిన్రు. పరీక్షకు 48 గంటల ముందు ఆపి, తర్వాత కనీసం 24 గంటలు వేసుకోవద్దని. ఇంకో ఘోరం: రక్తనాళంలోకే ఇవ్వాల్సిన రకం మందును పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనుషులు చచ్చిపోయిన్రు. అందుకే ఆ సీసాల మీద "వెన్నులోకి వద్దు" అని పెద్దక్షరాల్లో ఉంటది.

ఇప్పుడు ఎక్కువమందికి ఎమ్మారైతోనే సరిపోతది. పేస్‌మేకర్ ఉండి ఎమ్మారై కుదరనోళ్లకు ఇప్పటికీ మైలోగ్రామ్ రాస్తరు. నేను డాక్టర్ని కాదు. కానీ ఇంత చదివినంక నాకు అర్థమైంది ఒకటే: పోయేటప్పుడు వేసుకునే గోలీల పత్తాలన్నీ సంచిలో వేసుకొని పోండ్రి. రక్తం పలుచబడే గోలీ సంగతి తప్పకుండ చెప్పండ్రి, ఎందుకంటే వెన్నులో రక్తం కారితే నరం మీద ఒత్తిడి పడుతది. షుగర్ గోలీ, అలర్జీ, కిడ్నీ సంగతి కూడా. ఏదీ మీ అంతట మీరే ఆపొద్దు. డాక్టర్ ఆపమంటే ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్నో అడిగి రాసుకోండ్రి.

ఇంకోటి. బాపులు మర్చిపోతరు, అమ్మలకు యాదికుంటది. పక్కన ఒక మనిషిని తీస్కపోండ్రి. మళ్లీ కలుద్దాం.