సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు

కెమెరాలయందు ఛాయాచిత్రములను, వీడియోలను అతివేగముగా భద్రపరచుటకై కాంపాక్ట్‌ఫ్లాష్ అసోసియేషన్ 2017లో ప్రమాణీకరించిన మెమరీ కార్డు సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను సమాచార మార్గము నాధారముగా గొన్న యీ ప్రమాణము, 2019 నాటి రెండవ కూర్పునందు ఎ, బి, సి అను మూడు రూపములను పొందినది. 20×28×2.8 మిల్లీమీటర్ల ఎ రకమునకు ఒక మార్గమును, 38.5×29.8×3.8 మిల్లీమీటర్ల బి రకమునకు రెండు మార్గములును ఉండుటచే, వాని సైద్ధాంతిక గరిష్ఠవేగము సెకనుకు క్రమముగా 1,000, 2,000 మెగాబైట్లు. 2023లో వెలువడిన 4.0 కూర్పు ఈ వేగమును ద్విగుణీకృత మొనర్చినది. పరిమాణములు భిన్నములగుటచే కార్డు ఎన్నిక కెమెరా స్లాటును బట్టియే జరుగును. దీర్ఘ చిత్రీకరణమునకు క్షణికమైన గరిష్ఠవేగము కన్న నిలుకడగల కనిష్ఠ లేఖనవేగమే ప్రధానము. వీపీజీ400 (వీడియో పర్ఫార్మెన్స్ గ్యారంటీ) ముద్ర సెకనుకు 400 మెగాబైట్లకు తగ్గని లేఖనమును సూచించును. సెకనుకు 10 గిగాబిట్ల యూఎస్‌బీ రీడరు కంప్యూటరునకు సెకనుకు 1,250 మెగాబైట్లకు మించి పంపజాలదు గనుక, బి రకపు పూర్ణవేగము దానియందు లభింపదు.