గిరణ్‌గావ్: ముంబయి మిల్లు కార్మికుల సామాజిక చరిత్ర

ముంబయి నగర మధ్యభాగంలోని పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకల్లా, శివ్డీ ప్రాంతాలలో బట్టల మిల్లుల చుట్టూ ఏర్పడిన కార్మికవాడలన్నిటినీ కలిపి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని వ్యవహరిస్తారు. కావస్‌జీ నానాభాయి దావర్ 1854లో స్థాపించిన బాంబే స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1856లో తాడ్‌దేవ్‌లో నూలు వడకడం ప్రారంభించగా, ఆ శతాబ్దం ముగిసేనాటికి నగర జీవితానికి ఈ పరిశ్రమే ప్రధానాధారమైంది. గిరణ్‌గావ్ చరిత్రను సమ్మెల చరిత్రగా రాయడం పరిపాటి. అయితే నెలల తరబడి కూలి లేకుండా వేలాది కుటుంబాలు ఎలా నిలబడ్డాయో తెలియాలంటే వారి గది, తిండి, అప్పు, ఊరితో ఉన్న సంబంధం ముందుగా తెలియాలి.

కార్మికులలో అధికులు కొంకణ తీరంలోని రత్నగిరి జిల్లా నుంచీ, దక్కను పీఠభూమిలోని సతారా, కొల్హాపూర్ ప్రాంతాల నుంచీ వచ్చిన చిన్న రైతులు. భార్యాపిల్లలను ఊళ్లోని చెక్క పొలానికి కాపుంచి, మగవారు నగరం నుంచి మనియార్డర్లు పంపేవారు. ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు మదన్‌పురాలో స్థిరపడ్డారు. నిజాం రాజ్యంలోని తెలంగాణ ప్రాంతం నుంచి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరే కామాఠీపురాకు మిగిలింది. చేమగ్గం గిట్టుబాటు కాక వచ్చిన పద్మశాలీలు మిల్లుల నేత విభాగాలలో కుదిరారు. జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక్ సమాజ్‌కు ముంబయిలో అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాళేవార్ వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారన్న విషయం తెలుగు చరిత్ర రచనలో దాదాపు మరుగున పడిపోవడం విచారకరం.

మిల్లులో పని ఇప్పించేది యజమాని కాదు, జాబరు. కూలీలను కుదర్చడం, పని చేయించడం, తొలగించడం అన్నీ అతని చేతిలోనే ఉండేవి. ముడుపు తీసుకుని పనిలో పెట్టేవాడు, వడ్డీకి అప్పిచ్చేవాడు, తరచు గది కూడా అతనే చూపేవాడు. రాట్నాలపై నూలు చుట్టే విభాగాలలో స్త్రీలపై ఇదే అధికారం నాయికిణ్ అనే స్త్రీ మేస్త్రీకి ఉండేది. రోజువారీ పని కోసం మిల్లు గేటు ముందు నిలబడే బదిలీ కార్మికుడికి జాబరు దయే దిక్కు కనుక, 1935లో బదిలీ కార్మికుల నియంత్రణ పద్ధతి వచ్చేవరకు ఆ పెత్తనానికి అడ్డులేకపోయింది.

కార్మికులు కాపురమున్నవి చాళ్లు, అంటే పొడవాటి వసారా వెంట వరసగా ఒంటి గదులు, అందరికీ కలిపి కుళాయి, మరుగుదొడ్లు ఉండే అంతస్తుల భవనాలు. 1896లో ప్లేగు ప్రబలి జనం వేల సంఖ్యలో నగరం విడిచి వెళ్లడంతో, 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేశారు. 1920ల తొలినాళ్లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 207 చాళ్లను నిర్మించింది. ఒకే ఊరి మగవారు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, పగటిపాళీవారు పనికి పోగా ఖాళీ అయిన చోటనే రాత్రిపాళీవారు పడుకుంటూ గడిపేవారు. వారికి అన్నం పెట్టినవి ఖాణావళ్లు: మిల్లు కార్మికుల భార్యలో వితంతువులో తమ ఒంటి గదిలోనే పదిమందికి వండి, నెల జీతం అందాక డబ్బు తీసుకునేవారు. సమ్మె కాలంలో వీరు అరువు మీద పెట్టిన భోజనం ఏ సంఘపు నిధికీ తీసిపోనిది. అయినా వడ్డీ వ్యాపారుల గుప్పిట్లో మగ్గిన ఆ స్త్రీలకు సొంత సంఘం ఏర్పడడానికి, ప్రేమా పురవ్ చొరవతో అన్నపూర్ణ మహిళా మండల్ వెలిసిన 1975 దాకా ఆగవలసి వచ్చింది.

కులం మిల్లు గేటు బయట ఆగిపోలేదు. నాడెలో కండె అయిపోయినప్పుడు కొత్త కండె పెట్టి, పేక దారపు కొసను నాడె రంధ్రం గుండా నేతగాడు నోటితో పీల్చి లాగవలసి ఉండేది. ఎంగిలి అంటుతుందన్న నెపంతో, మెరుగైన కూలి దక్కే నేతశాలలోకి దళితులను రానివ్వకుండా వడుకు విభాగాలకే పరిమితం చేశారు. పరేల్‌లోని ట్రస్టు చాల్‌లో చాలాకాలం నివసించిన అంబేడ్కర్, 1928 సమ్మె సందర్భంలో ఈ వివక్షపై కార్మిక నాయకులను నిలదీశారు. కార్మిక ఐక్యత గురించి మాట్లాడే ఏ చరిత్ర అయినా ఈ ప్రశ్నను దాటవేయరాదు.

సంఘటిత ప్రయత్నాలకు ఆద్యుడు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన 1884లో బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్‌ను స్థాపించగా, 1890లో ఆదివారం సెలవు సాధ్యమైంది. 1908 జూలైలో జాతీయోద్యమ నాయకుడు తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడినప్పుడు కార్మికులు ఆరు రోజులు పని మానారు. 1928లో సుమారు లక్షన్నర మంది ఆరు నెలలు సాగించిన సమ్మె నుంచి ఎర్రజెండా గిర్ణీ కామ్‌గార్ యూనియన్ బలపడింది. అణ్ణాభావు సాఠే, అమర్ షేక్‌ల కళాబృందం, మిల్లులో పనిచేసిన కవి నారాయణ్ సుర్వే ఈ వాడల నుంచే మరాఠీ సాహిత్యానికి కొత్త గొంతు ఇచ్చారు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది ప్రారంభించిన సమ్మెకు అధికారికంగా విరమణ ప్రకటన వెలువడలేదు, ఎందరికో ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. మూతపడిన మిల్లుల భూమిని యజమాని, నగరపాలిక, ప్రజాగృహ నిర్మాణ సంస్థల మధ్య మూడు వంతులుగా పంచాలన్న 1991 నిబంధనను 2001లో సవరించి, భవనాలు లేని ఖాళీ స్థలానికే ఆ పంపకాన్ని పరిమితం చేయడంతో ప్రజల వాటా బాగా కుదించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. మిల్లుల స్థానంలో మాల్‌లు, కార్యాలయ భవనాలు లేచాయి. కార్మికులకు ఇళ్ల కేటాయింపు కోసం 2012లో లాటరీ తీసేనాటికి దరఖాస్తుదారులు లక్షకు పైగా ఉండగా, సిద్ధమైన ఇళ్లు ఆ సంఖ్యలో పదోవంతుకైనా చేరలేదు.