సిగ్గున దాగిన జబ్బు

మా కట్టంగూర్ సంఘములోని పెద్దమ్మలు కడుపునొప్పి అని మాత్రమే చెప్పి అసలు బాధ దాచుకొనుట స్త్రీల మైత్రివారమైన మేమెరుగుదుము. మగ డాక్టరు ముందు చీర తొలగించుటకంటె నొప్పే నయమనుకొనిరి. వారిని తప్పుపట్టలేము. 1816లో పారిస్‌లో లెన్నెక్ అను వైద్యుడే యువతి రొమ్ముపై చెవి ఆనించుటకు సంకోచించి, కాగితమును గొట్టముగా చుట్టి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది!

మన తెలుగునాట 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్‌గారికి మిషనువారు మొదట వేరే పనులే అప్పగించిరి. అయినను రోగులైన స్త్రీలు ఆమెనే వెదకుకొని వచ్చిరి. 1898లో వారికొరకు ఆస్పత్రి తెరవబడెను.

మగ డాక్టరు పరీక్షించునప్పుడు ప్రక్కన మరొక స్త్రీ ఉండవలెనని కోరుట రోగి హక్కని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వ్రాసినది. మా అక్కలలో ఎందరు నోరు తెరచి అడుగుదురు? అందుకే మేము వెంట పోయి అడుగుచున్నాము.